బయటి సాఫ్ట్‌వేర్‌తో ముడిపడ్డ ఫార్ములా ఎప్పుడు లెక్కించుకోవాలి?

రెండు సెల్‌లను కూడే ఫార్ములాను ఎక్సెల్ రోజుకు వెయ్యిసార్లు లెక్కించినా ఎవరికీ పట్టదు. ఎన్నిసార్లు చేసినా జవాబు అదే, పట్టే సమయం లెక్కలోకి రానంత. అదే ఫార్ములా ఒక డేటాబేస్‌నో, మార్కెట్ ధరలు పంపే సర్వర్‌నో, కంపెనీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నో అడిగి అంకె తెచ్చేదైతే సంగతి వేరు. అడిగిన ప్రతిసారీ అవతలి సర్వర్ మీద కొంత భారం పడుతుంది. కొన్ని సేవలు పిలుపుకు ఇంత అని వసూలు కూడా చేస్తాయి. ఒక్కో పిలుపుకు 40 మిల్లీసెకన్లే పడుతుందనుకుందాం. అలాంటి సెల్‌లు 3000 ఉండి, ఒకదాని తర్వాత ఒకటిగా నడిస్తే మొత్తం రెండు నిమిషాలు. ఎక్కడో ఒక మూల శీర్షికలో అక్షరదోషం దిద్దినందుకు రెండు నిమిషాలు తెర బిగుసుకుపోతే ఎంత ఓపికమంతుడికైనా విసుగు పుడుతుంది.

అప్పుడు అందరూ మొదట చేసే పని లెక్కింపును మాన్యువల్‌కు, అంటే మనం చెప్పినప్పుడే లెక్కించే మోడ్‌కు, మార్చేయడం. తెర బిగుసుకుపోవడం ఆగుతుంది. కానీ వారం తిరగకుండా మరో రకం ఫిర్యాదు మొదలవుతుంది. రిపోర్టులో నిన్నటి అంకెలు వెళ్లాయనో, ఒక షీట్ మొత్తం ఇంకో షీట్ మొత్తంతో కలవడం లేదనో ఎవరో ఒకరు అంటారు. కారణం ఏమిటంటే, ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అవతల డేటా ఎప్పుడు మారింది? ఆ సంగతి ఎక్సెల్‌కు ఎప్పుడు తెలిసి, ఆ సెల్ పాతబడిందని గుర్తు పెట్టుకుంది? గుర్తు పెట్టుకున్న సెల్‌ను ఎప్పుడు లెక్కించింది? మాన్యువల్ మోడ్ అదుపు చేసేది మూడోదాన్ని మాత్రమే. మొదటి రెండింటి జోలికి అది వెళ్లదు.

ఎక్సెల్ దేన్ని చూసి కదులుతుంది

ఏ సెల్ ఏ సెల్ మీద ఆధారపడి ఉందో ఎక్సెల్ ఒక పట్టిక రాసుకుంటుంది. మీరు ఎ5 లో విలువ మారిస్తే, ఎ5 ను వాడుకునే సెల్‌లన్నిటికీ, వాటిని వాడుకునే సెల్‌లన్నిటికీ ‘డర్టీ’ అన్న గుర్తు పడుతుంది. లెక్కింపు మొదలైనప్పుడు ఆ గుర్తున్నవాటినే లెక్కిస్తుంది, మిగతావాటిని ముట్టుకోదు. వేల ఫార్ములాలున్న ఫైలు కూడా చురుగ్గా కదలడానికి కారణం ఈ పొదుపే.

బయటి సాఫ్ట్‌వేర్ ఈ పట్టికలో ఉండదు. సి5 లో ఉన్న మీ ఫంక్షన్ ఎ5 లోని ఖాతా నంబరు తీసుకుని డేటాబేస్ నుంచి బ్యాలెన్స్ తెస్తుందనుకోండి. ఎక్సెల్ దృష్టిలో సి5 ఎ5 మీద మాత్రమే ఆధారపడి ఉంది. డేటాబేస్‌లో బ్యాలెన్స్ పదిసార్లు మారినా ఎ5 మారలేదు కాబట్టి సి5 ను కదిపే పని లేదు. లెక్కించమని చెప్పే మీట ఎఫ్9 నొక్కినా కదలదు, ఎందుకంటే ఆ సెల్‌కు గుర్తు పడలేదు. ఎఫ్9 నొక్కితే అన్నీ తాజా అవుతాయన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. ఎఫ్9 లెక్కించేది తెరిచి ఉన్న ఫైళ్లలో గుర్తు పడ్డ సెల్‌లను. షిఫ్ట్ కలిపితే ఎదురుగా ఉన్న షీట్ వరకే. గుర్తులతో పని లేకుండా ప్రతి ఫార్ములానూ లెక్కించాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కాలి. వాటికి షిఫ్ట్ కూడా చేరిస్తే ఆధారాల పట్టికను కూడా మొదటి నుంచి కట్టుకుని మరీ లెక్కిస్తుంది. ఆ చివరి రెండూ నొక్కితే మీ 3000 పిలుపులూ ఒక్కసారిగా వెళ్తాయి. అవతలి సర్వర్‌ను చూసుకునేవారితో మంచిగా ఉండాలంటే వాటిని అలవాటుగా వాడకూడదు.

ఎఫ్9 తో కదలని ఫంక్షన్‌ను కదిలించడానికి చాలామంది పట్టే దగ్గరి దారి దాన్ని వోలటైల్ చేయడం. అంటే, ఏ లెక్కింపు జరిగినా, సంబంధం ఉన్నా లేకపోయినా, ఇది కూడా లెక్కించుకోవాలని చెప్పడం. ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే పనులను వాటంతట అవే జరిపించే కోడ్, రాసే భాష విజువల్ బేసిక్‌లో ఒక్క వరుస రాస్తే పని అయిపోతుంది. నా మటుకు నేను బయటికి పిలుపు వెళ్లే ఏ ఫంక్షన్‌కూ ఆ వరుస రాయను. కదలడం లేదన్న జబ్బుకు, కదలడం ఆగదన్న జబ్బును మందుగా ఇచ్చినట్టు ఉంటుంది.

ఇంతకన్నా తెలివిగా దాక్కునే గుంట మరొకటి ఉంది. మీ ఫంక్షన్ వోలటైల్ కాదు. కానీ దానికి తేదీ ఇవ్వాలి. ఆ తేదీ బి2 లో ఉంది. బి2 లో ఆనాటి తేదీ ఇచ్చే ‘టుడే’ ఫంక్షన్ ఉంది. టుడే వోలటైల్. షీట్‌లో మీరు ఎక్కడ ఏది మార్చినా బి2 లెక్కించుకుంటుంది, దాని వెనకే మీ 3000 సెల్‌లూ లెక్కించుకుంటాయి. తేదీ పొద్దుటి నుంచి మారలేదు కదా, విలువ అదే ఉన్నప్పుడు వెనకవాటిని ఎందుకు లేపాలి అనిపిస్తుంది. ఎక్సెల్ ఆ పోలిక చూడదు. ముందున్న సెల్ లెక్కించుకుంటే చాలు, జవాబు పాతదే వచ్చినా వెనకవాటిని లెక్కిస్తుంది. మొదట్లో చెప్పిన అక్షరదోషం దిద్దితే బిగుసుకుపోయే ఫైలు చాలాసార్లు ఈ రకందే. మందు కూడా చిన్నదే: బి2 లో టుడే తీసేసి, కంట్రోల్, సెమీకోలన్ కలిపి నొక్కి ఆనాటి తేదీని మామూలు విలువగా రాయడం. ‘నౌ’, ‘ర్యాండ్’, ‘ఆఫ్‌సెట్’, ‘ఇండైరెక్ట్’ కూడా ఈ కోవలోవే. ముఖ్యంగా ఆఫ్‌సెట్, ఇండైరెక్ట్ ఎక్కడో పేరు పెట్టిన రేంజ్‌ల లోపల దాక్కుని కనిపించకుండా పని చెడగొడతాయి. అడ్డువరుస చేర్చడం, షీట్ పేరు మార్చడం లాంటి పనులతో కూడా ఆటోమేటిక్ మోడ్‌లో లెక్కింపు మొదలవుతుంది కాబట్టి, ‘నేను ఏ విలువా మార్చలేదు’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. ఫంక్షన్ తనకు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లను (ఫార్ములాలో బ్రాకెట్ల మధ్య అందించే విలువలను) కాక, లోపలి కోడ్ నుంచి నేరుగా ఇంకో సెల్‌ను చదువుకుంటుంది. సర్వర్ పేరు సెట్టింగ్స్ షీట్‌లో ఉందనుకోండి, దాన్ని కోడ్ చదువుకుంటుంది కానీ ఫార్ములాలో ఆ సెల్ కనిపించదు. అక్కడ సర్వర్ మార్చినా ఫంక్షన్ కదలదు, పాత సర్వర్ అంకెలే చూపిస్తూ కూర్చుంటుంది. ఫంక్షన్ దేని మీద ఆధారపడుతుందో ప్రతిదీ ఆర్గ్యుమెంట్‌గా కనిపించాలి. ఆధారాల పట్టికకు అంతకుమించి వేరే కళ్లు లేవు.

మాన్యువల్ మోడ్ చేసే తెరవెనుక పనులు

చేత్తో లెక్కింపు నొక్కడం కొత్త సంగతి కాదు. ఎక్సెల్ కన్నా ముందటి స్ప్రెడ్‌షీట్, 1979 నాటి విజిక్యాల్క్‌లోనే లెక్కింపును ఆపుకునే వీలుంది. ఎఫ్9 ను లెక్కింపు మీటగా వాడే అలవాటు 1983 లో వచ్చిన మరో స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3 లోనూ ఉంది. ఆనాటి యంత్రాల వేగానికి అది అవసరం. ఇవాళ అవసరం బయటి పిలుపుల వల్ల వస్తోంది.

మాన్యువల్‌తో చిక్కు ఏమిటంటే, అది ఫైలుకు సంబంధించిన సెట్టింగ్‌లా కనిపిస్తుంది కానీ మొత్తం ఎక్సెల్‌కు సంబంధించినది. ఆ పూట మొదట తెరిచిన ఫైలు ఏ మోడ్‌లో సేవ్ అయి ఉందో, ఎక్సెల్ ఆ మోడ్‌లోకి వెళ్తుంది. తర్వాత తెరిచే ఫైళ్లన్నీ దాన్నే అనుసరిస్తాయి. వాటిని సేవ్ చేస్తే వాటిలోనూ ఆ మోడే నమోదవుతుంది. మీరు మాన్యువల్‌లో సేవ్ చేసిన ఫైలును పక్క టేబుల్ దగ్గరి సహోద్యోగి పొద్దున్నే మొదటగా తెరిచాడంటే, ఆ రోజు అతని జీతాల షీట్ కూడా కదలదు. అతను దాన్ని సేవ్ చేసి ఇంకొకరికి పంపుతాడు. ఈ అంటువ్యాధి ఎక్కడ మొదలైందో వెతకడం దాదాపు అసాధ్యం. కింది స్టేటస్ బార్‌లో ‘క్యాల్‌క్యులేట్’ అన్న చిన్న మాట కనిపిస్తుంది, నిజమే. కానీ దాన్ని చూసేవారు తక్కువ. కొత్త ఎక్సెల్‌లో లెక్కించని విలువలను కొట్టివేత గీతతో చూపే ఏర్పాటు వచ్చింది, అది కొంత నయం.

ఇంకో చిన్న విషయం. మాన్యువల్ పెట్టినప్పుడు, సేవ్ చేసే ముందు లెక్కించాలన్న పెట్టెలో టిక్ మామూలుగా ఉండే ఉంటుంది. పిలుపులు వెళ్లకూడదనే మాన్యువల్ పెట్టిన మనిషి కంట్రోల్, ఎస్ నొక్కగానే గుర్తు పడ్డవన్నీ పరుగెత్తుతాయి. పాత వెర్షన్‌లో లెక్కించి సేవ్ చేసిన ఫైలును కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు కూడా ఎక్సెల్ మొత్తం లెక్కించుకుంటుంది.

మాక్రో రాసేవారు మాన్యువల్‌ను కొద్దిసేపటికి వాడుకోవడంలో తప్పు లేదు. పని మొదట్లో ఉన్న మోడ్ ఏమిటో గుర్తు పెట్టుకుని, మాన్యువల్‌కు మార్చి, పని అయ్యాక మళ్లీ ఆ పాత మోడ్‌నే పెట్టాలి. నేరుగా ఆటోమేటిక్‌కు మార్చేయకూడదు, వాడుకరి కావాలనే మాన్యువల్‌లో ఉండి ఉండవచ్చు. మధ్యలో ఎర్రర్ వచ్చి మాక్రో ఆగిపోయినా పాత మోడ్ తిరిగి వచ్చేలా రాయాలి.

మోడ్‌ను కదపకుండా ఒక్క షీట్‌నే ఆపే వీలు కూడా విజువల్ బేసిక్‌లో ఉంది. ప్రతి షీట్‌కు ‘ఎనేబుల్ క్యాల్‌క్యులేషన్’ అన్న లక్షణం ఉంటుంది. దాన్ని ఆపితే, ఏ మోడ్‌లో ఉన్నా ఆ షీట్ లెక్కించుకోదు. వినడానికి ఇదే కదా కావలసింది అనిపిస్తుంది. కానీ రెండు షరతులు. ఇది ఫైలుతోపాటు సేవ్ కాదు, తెరిచిన ప్రతిసారీ కోడ్‌తో పెట్టుకోవాలి. ఆపిన ఆ లక్షణాన్ని మళ్లీ ఆన్ చేయగానే ఆ షీట్‌లోని ఫార్ములాలన్నీ లెక్కించుకుంటాయి. అన్ని పిలుపులూ ఒకేసారి వెళ్లినా ఫరవాలేదనుకునే చోట ఇది బాగా నప్పుతుంది.

అవతలివైపు నుంచి కబురు వస్తే

ఇంతవరకు చెప్పినవన్నీ ఎక్సెల్ అడిగితేనే అంకె ఇచ్చే ఫంక్షన్లు. క్షణక్షణం మారే ధరలకు ఇది కుదరదు. 1980ల చివరలో విండోస్‌తోపాటు వచ్చిన డీడీఈ (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి) ఈ పని చేసేది. ఎక్సెల్ 2002 తో దాని స్థానంలోకి ఆర్‌టీడీ (రియల్ టైమ్ డేటా) ఫంక్షన్ వచ్చింది. దీని పనితీరు కాస్త దగ్గరగా చూడదగ్గది, ఎందుకంటే పైన చెప్పిన మూడు ప్రశ్నలు ఇందులో విడివిడిగా కనిపిస్తాయి.

సెల్‌లో ఆర్‌టీడీ ఫార్ములా రాయగానే ఎక్సెల్ సర్వర్ ప్రోగ్రామ్‌ను ఒకసారి మొదలుపెట్టి, ఫలానా విషయం మీద విలువలు కావాలని నమోదు చేసుకుంటుంది. ఒకే విషయాన్ని 500 సెల్‌లలో రాసినా నమోదు ఒక్కటే. ధర మారినప్పుడు సర్వర్ విలువను పంపదు, ‘నా దగ్గర కొత్తది ఉంది’ అని తలుపు తడుతుంది. ఎక్సెల్ తనకు వీలైనప్పుడు వెళ్లి, మారినవన్నీ ఒకేసారి తెచ్చుకుని, ఆ సెల్‌లకు మాత్రమే గుర్తు పెడుతుంది. మీరు ఏదైనా సెల్‌లో టైపు చేస్తూ ఉంటే, లేదా ఏదో డైలాగ్ పెట్టె తెరిచి ఉంటే, తలుపు తట్టినా ఎక్సెల్ లేవదు. ధరలు హఠాత్తుగా ఆగిపోయాయని కంగారుపడి ఫోను చేసేవారిలో కొందరు సెల్‌లో కర్సర్ పెట్టి వదిలేసినవారే.

వెళ్లి తెచ్చుకోవడానికి మధ్య కనీస విరామం కూడా ఉంటుంది. మామూలుగా అది 2000 మిల్లీసెకన్లు, అంటే రెండు సెకన్లు. ఈ లోపల ధర ఇరవైసార్లు మారినా, సెల్‌లోకి వచ్చేది చివరిదే. కాబట్టి ఆర్‌టీడీ సెల్‌ను చూసి ప్రతి మార్పునూ నమోదు చేద్దామనుకోవడం అడుగులేని కుండలో నీళ్లు పోయడమే. విరామాన్ని సున్నా చేస్తే వీలైనప్పుడల్లా తెచ్చుకుంటుంది, రుణ ఒకటి పెడితే చేత్తో అడిగినప్పుడే తెచ్చుకుంటుంది. ఇది కూడా మొత్తం ఎక్సెల్‌కు వర్తిస్తుంది, ఎక్సెల్ మూసి తెరిచినా నిలిచి ఉంటుంది. ఒక ఫైలు కోసం సున్నా పెట్టి మరచిపోతే ఆ కంప్యూటర్‌లో తెరిచే ప్రతి ఆర్‌టీడీ ఫైలూ అదే వేగంతో పరుగెత్తుతుంది.

విరామం రుణ ఒకటిగా ఉంటే కొత్త విలువ ఎక్సెల్ దాకా రాదు. మాన్యువల్ లెక్కింపు ఉంటే వచ్చిన విలువ సెల్‌లో కనిపించదు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, అంకె కదలదు. సరిచేయాల్సిన చోటు మాత్రం వేరు.

రిఫ్రెష్ వేరు, లెక్కింపు వేరు

బయటి డేటాను ఎక్సెల్‌లోకి దించే సాధనం పవర్ క్వెరీతోనో, డేటాబేస్ కనెక్షన్‌తోనో తెచ్చే పట్టికలు ఫార్ములాలు కావు. ఎఫ్9 వాటిని ఏమీ చేయదు. వాటికి రిఫ్రెష్ ఉంది. ఫైలు తెరవగానే చేయాలా, ఇన్ని నిమిషాలకోసారి చేయాలా, చెప్పినప్పుడే చేయాలా అన్నది ఒక్కో కనెక్షన్‌కు విడివిడిగా పెట్టుకోవచ్చు. అసలు అదుపు అంటే ఇదే. అందుకే వీలున్న ప్రతిచోటా నా సలహా ఒకటే: బయటి డేటాను 3000 ఫార్ములాలతో 3000 సార్లు అడగకుండా, ఒక్క క్వెరీతో పట్టికగా ఒక షీట్‌లోకి దించుకోవాలి. మిగతా ఫార్ములాలన్నీ ఆ పట్టికలో వెతుక్కోవాలి. అప్పుడు లెక్కింపు ఎన్నిసార్లు జరిగినా బయటికి ఒక్క పిలుపూ వెళ్లదు. ఆటోమేటిక్ మోడ్‌ను నిశ్చింతగా వదిలేయవచ్చు.

దీనిలో ఒక్క మెలిక ఉంది. మాక్రోలో అన్నిటినీ రిఫ్రెష్ చేయమని రాసి, తర్వాతి వరుసలోనే రిపోర్టు తయారుచేస్తే పాత అంకెలు రావచ్చు. కనెక్షన్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్’ టిక్ ఉంటే మాక్రో డేటా కోసం ఆగదు, రిఫ్రెష్‌ను మొదలుపెట్టి ముందుకు సాగిపోతుంది. ఆ టిక్ తీసేస్తే డేటా దిగేదాకా మాక్రో ఆగుతుంది.

ఫార్ములాగానే ఉండాలని యాడ్-ఇన్ (ఎక్సెల్‌కు అదనంగా తగిలించే ప్రోగ్రామ్) పట్టుబడితే, ఆ యాడ్-ఇన్ రాసే అవకాశం మీకుంటే, అన్నిటికన్నా శుభ్రమైన ఏర్పాటు మీట ఆర్గ్యుమెంట్. ఫంక్షన్‌కు చివర్లో పనికిరాని ఒక ఆర్గ్యుమెంట్ అదనంగా పెట్టి, అన్ని సెల్‌లలో దాన్ని బి1 కు చూపిస్తారు. బి1 లో ఒక సంఖ్య ఉంటుంది. బటన్ నొక్కితే మాక్రో ఆ సంఖ్యను ఒకటి పెంచుతుంది. బి1 మారింది కాబట్టి దాన్ని వాడుకునే సెల్‌లకు గుర్తు పడి, అవి మాత్రమే కొత్త అంకెలు తెచ్చుకుంటాయి. మిగతా ఫైలు ఆటోమేటిక్‌గా నడుస్తూనే ఉంటుంది. సంఖ్య బదులు ఆ క్షణపు సమయాన్ని విలువగా రాస్తే, అంకెలను చివరిసారి ఎప్పుడు అడిగారో కూడా బి1 లోనే కనిపిస్తుంది.

మీటకు బదులు తాళం వాడేవారూ ఉన్నారు. బి1 నిజమైతే ఫంక్షన్‌ను పిలువు, లేకపోతే ఖాళీ చూపు అని ఐఎఫ్‌తో రాస్తారు. ఐఎఫ్ అవసరం లేని వైపును లెక్కించదు కాబట్టి తాళం వేసినప్పుడు పిలుపు వెళ్లదు, నిజమే. కానీ తాళం వేయగానే పాత విలువ కూడా మాయమవుతుంది. ఫార్ములాకు జ్ఞాపకం లేదు. దానికి జ్ఞాపకం తెప్పించడానికి కొందరు ‘లేకపోతే ఖాళీ’ అన్న చోట ఫార్ములా ఉన్న ఆ సెల్‌నే రాసి, తన మీద తానే ఆధారపడే ఫార్ములాను అనుమతించే ఇటరేటివ్ లెక్కింపు ఆన్ చేస్తారు. పని చేస్తుంది. కానీ అప్పటి నుంచి ఆ ఫైలులో పొరపాటున చుట్టూ తిరిగే ఫార్ములా ఎక్కడ రాసినా ఎక్సెల్ హెచ్చరించదు. అంత మూల్యం చెల్లించదగ్గ లాభం నాకైతే కనబడదు.

గూగుల్ షీట్స్‌లో మాన్యువల్ మోడే లేదు. సెట్టింగ్స్‌లో నిమిషానికోసారి, గంటకోసారి అని కనిపించేవి నౌ, టుడే, ర్యాండ్ లాంటి వాటికే, బయటి డేటాకు కాదు. వెబ్ నుంచి డేటా తెచ్చే ఇంపోర్ట్‌ఎక్స్‌ఎంఎల్, ఇంపోర్ట్‌డేటా లాంటి ఫంక్షన్లు తమంతట తాము గంటకోసారి తెచ్చుకుంటాయి. గూగుల్ షీట్స్ కోడ్ రాసే యాప్స్ స్క్రిప్ట్‌లో మీరు రాసిన ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు మారకపోతే పాత జవాబునే దాచి చూపిస్తుంది, నౌ ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వనివ్వదు. మామూలు విలువగా ఉన్న మీట సంఖ్య మాత్రం ఇక్కడా పని చేస్తుంది. ఇంకా గట్టి అదుపు కావాలంటే, నిర్ణీత సమయానికి నడిచే స్క్రిప్ట్ అంకెలను నేరుగా సెల్‌లలో విలువలుగా రాసేయడమే మేలు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ స్ప్రెడ్‌షీట్‌లో ఆటో లెక్కింపును ఆపుకునే వీలుంది. ఫైలు తెరిచినప్పుడు లెక్కించాలా వద్దా, లేక అడగాలా అన్నది కూడా ఎంచుకోవచ్చు.

వేగం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. 3000 అంకెలూ ఒకే క్షణానివి అయి ఉండాలా? నిల్వల విలువ కట్టే షీట్‌లో సగం సెల్‌లు పది గంటల ధరతో, మిగతా సగం పదకొండు గంటల ధరతో ఉంటే, ఒక్కో అంకె నిజమే అయినా మొత్తం ఏ క్షణానికీ నిజం కాదు. విడి ఫార్ములాలతో ఈ హామీ ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే వాటిలో ఎవరికి ఎప్పుడు గుర్తు పడిందో అప్పుడే అడిగాయి. ఒక్క క్వెరీతో వచ్చిన పట్టిక మాత్రమే ఆ హామీ ఇవ్వగలదు. దాని పక్కనే రిఫ్రెష్ జరిగిన సమయాన్ని క్వెరీలోనే ఒక నిలువు వరుసగా తెచ్చుకుంటే సరిపోతుంది. ఆ సమయాన్ని షీట్‌లో నౌ ఫంక్షన్‌తో చూపిస్తే మాత్రం, డేటా ఎంత పాతదైనా గడియారం తాజాగానే కనిపిస్తుంది.